చర్చి బేస్‌మెంట్‌లో దొరికిన బోర్డు: బ్రూస్ కౌంటీ ఆనర్ రోల్స్ మీద ఒక కేస్ స్టడీ

బోర్డుని మొదటిసారి చూసినప్పుడు దాని ముఖం గోడ వైపుకి ఉంది. చర్చి బేస్‌మెంట్‌లో, ఫర్నేస్ వెనకాల, మడత కుర్చీల పక్కన, పైన ఒక పాత టేబుల్ క్లాత్ కప్పేసి. ఆ చర్చి మూతపడుతోంది, ఆదివారం వచ్చేవాళ్ళు పట్టుమని పదిమంది కూడా ఉండట్లేదు, బిల్డింగ్ అమ్మేస్తున్నారు, లోపల సామాన్లు ఎవరికి ఏది కావాలో తీసుకెళ్ళండి అన్నారు. నన్ను పిలిచింది ఆ ఊరి పెద్దావిడ ఒకరు, ఎనభై ఎనిమిదేళ్ళు, విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ అనే పల్లెటూరి ఆడవాళ్ళ సంఘంలో ఎప్పట్నుంచో ఉన్న మనిషి. "ఇది చెత్తలోకి పోకూడదు, వచ్చి చూడు" అన్నారు ఫోన్‌లో, అంతే. ఇద్దరం కలిసి మెల్లగా తిప్పాం. ఓక్ చెక్క ఫ్రేము, లోపల వెలిసిపోయిన క్రీమ్ రంగు మీద నల్ల అక్షరాలు, రెండు వరసల్లో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లు, చనిపోయినవాళ్ళ పేరు పక్కన చిన్న ఎర్ర క్రాస్. ఇలాంటి పేర్ల పట్టికనే ఆనర్ రోల్ అంటారు. కింద కుడి మూలన, ఫ్రేముని ఆనుకుని, పెయింట్‌తో కాదు పెన్సిల్‌తో, ఇంకో పేరు ఉంది. పక్కన క్రాస్ కూడా పెన్సిల్‌తోనే.

ఆ పెన్సిల్ పేరు ఎవరిది, అది అక్కడికి ఎందుకొచ్చింది, దాన్ని ఏం చేశాం అన్నదే ఈ కేసు. కాకపోతే ఈ ప్రాంతం సంగతి తెలియకపోతే అదంత అర్థం కాదు కాబట్టి కొంచెం వెనక్కి వెళ్తాను.

నేనుండేది కెనడాలో ఒంటారియో ప్రావిన్స్, బ్రూస్ కౌంటీ. టొరాంటో నుంచి వాయవ్యంగా మూడు గంటల డ్రైవ్, హ్యూరాన్ సరస్సు ఒడ్డు. మా ఆయన ఇక్కడి బ్రూస్ పవర్ న్యూక్లియర్ ప్లాంట్‌లో పని చేస్తారు, ఎనిమిది రియాక్టర్లున్న పెద్ద ప్లాంట్ అది, ఈ చుట్టుపక్కల మనవాళ్ళు కనిపిస్తున్నారంటే చాలావరకు దాని వల్లే. నాది రికార్డుల పని. పాత కాగితాలు స్కాన్ చేయడం, ఇండెక్స్ కట్టడం, డేటాబేస్‌లో పెట్టడం, ఎక్కువగా కాంట్రాక్ట్ మీద. చలికాలంలో సరస్సు మీదనుంచి మంచు వచ్చి హైవే 21 మూసేస్తే రెండు మూడు రోజులు ఇంట్లోనే, కౌంటీలో బోర్డుల మీద, రాళ్ళ మీద ఉన్న పేర్లు డేటాబేస్‌లోకి ఎక్కించే ఈ పనికి ఆ రోజులు బాగా కలిసొచ్చాయి.

ఇక్కడ రాయి అంటే సమాధే

మొదటి ప్రపంచ యుద్ధంలో చనిపోయిన కెనడా సైనికులని ఇంటికి తీసుకురాలేదు. బ్రిటిష్ సామ్రాజ్యం మొత్తానికీ అదే పాలసీ, పడిపోయిన చోటే పూడ్చాలి, ఆఫీసరైనా జవానైనా ఒకటే రకం రాయి. డబ్బున్నవాళ్ళు తమ పిల్లల్ని తెచ్చుకుని లేనివాళ్ళు తెచ్చుకోలేకపోతే ఎలా అన్న ఆలోచన దాని వెనక ఉంది, ఆ మాట న్యాయమే. కానీ దాని ఫలితం ఏంటంటే ఇక్కడ పొలంలో ఉన్న తల్లికి కొడుకు సమాధి ఎప్పటికీ సముద్రం అవతలే. 1911 జనాభా లెక్కల్లో కెనడా మొత్తం 72 లక్షల మంది, యుద్ధానికి న్యూఫౌండ్‌లాండ్‌తో కలిపి ఆరున్నర లక్షల మంది పైనే వెళ్ళారు, 66 వేలకి పైగా చనిపోయారు. ఫ్రాన్స్‌లో విమీ మెమోరియల్ మీద 11,285 పేర్లు చెక్కారు, వాళ్ళందరూ ఫ్రాన్స్‌లో పోయి ఎక్కడున్నారో తెలియనివాళ్ళు, అంటే వాళ్ళకి అక్కడ కూడా సొంత సమాధి లేదు.

అందుకే 1920ల్లో ప్రతి చిన్న ఊరూ సొంత రాయి నిలబెట్టుకుంది. కింకార్డిన్, వాకర్టన్, పెయిస్లీ, చెస్లీ, టీస్‌వాటర్, వయార్టన్, చెప్పుకుంటూ పోతే ఏ ఊరు వదల్లేం. ఈ రాయినే సెనొటాఫ్ అంటారు, ఆ మాటకి అర్థమే ఖాళీ సమాధి. పూలు పెట్టడానికి, చెయ్యి వేసి నిలబడడానికి ఒక చోటు కావాలి కదా, అదే ఇది. రాళ్ళ మీద పేర్లు ముట్టుకునే ఎత్తులోనే ఎందుకుంటాయో నాకు ఇక్కడికొచ్చాకే అర్థమైంది.

బ్రూస్ కౌంటీకి సొంత బెటాలియనే ఉండేది. 160వ బెటాలియన్, 1915 చివర్లో వాకర్టన్ కేంద్రంగా రిక్రూట్‌మెంట్ మొదలుపెట్టి, 1916 అక్టోబర్‌లో ఇంగ్లండ్‌కి ఓడెక్కింది. ఒక బెటాలియన్‌గా అది ఫ్రంట్‌కి వెళ్ళనేలేదు. మనుషుల్ని విడతలు విడతలుగా వేరే బెటాలియన్లకి పంపారు, 1918 ఫిబ్రవరిలో మిగిలినవాళ్ళని 4వ రిజర్వ్ బెటాలియన్‌లో కలిపేశారు. మా పనికి ఇది చాలా ముఖ్యమైన విషయం, ఎందుకంటే రాయి మీద "160వ" అని ఉంటుంది, చనిపోయిన రికార్డులో మాత్రం 47వ బెటాలియన్ అనో 58వ అనో ఉంటుంది. కొత్తగా చూసేవాళ్ళు వీళ్ళిద్దరూ వేరే అనుకుని వదిలేస్తారు.

ఒకే మనిషి పేరు నాలుగు చోట్ల, ఇంకో మనిషి పేరు ఎక్కడా లేదు

ఆనర్ రోల్స్ అంటే సెనొటాఫ్ ఒక్కటే అనుకుంటారు. కాదు. ఒక కుర్రాడు యుద్ధానికి వెళ్ళాడంటే అతని పేరు రాసుకునే హక్కు చాలామందికి ఉంది అప్పట్లో. చదువుకున్న ఒంటిగది బడి, వెళ్ళే చర్చి, లాడ్జి (హోటల్ కాదు, సభ్యుల సంఘం), టౌన్‌షిప్ (కొన్ని పల్లెలు కలిసిన పాలనా ప్రాంతం) హాలు, ఆఖరికి టౌన్ రాయి. బడి, చర్చి చాలావరకు యుద్ధం జరుగుతుండగానే బోర్డు మొదలుపెట్టేశాయి, వెళ్ళిన ప్రతివాడి పేరూ రాశాయి, చనిపోతే తర్వాత క్రాస్ చేర్చాయి. టౌన్ రాయి మాత్రం యుద్ధం అయ్యాక వచ్చింది, దాని మీద సాధారణంగా చనిపోయినవాళ్ళే. కాబట్టి ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టి "ఇందులో ఉంది అందులో లేదు" అని తప్పు పట్టకూడదు, అవి అడిగిన ప్రశ్నలే వేరు.

తర్వాత వందేళ్ళలో ఈ బోర్డులు ఇల్లు మారుతూనే ఉన్నాయి. 1925లో మెథడిస్టులు, కాంగ్రిగేషనలిస్టులు, ప్రెస్బిటేరియన్లలో చాలామంది కలిసి యునైటెడ్ చర్చి ఆఫ్ కెనడా అయ్యారు, రెండు చర్చిలు ఒకటైతే ఒక బోర్డు గోడ మీదకి, రెండోది బేస్‌మెంట్‌లోకి. ఒంటిగది బళ్ళు 1960ల్లో మూతపడ్డాయి, పిల్లలు బస్సెక్కి పెద్ద స్కూలుకి, బోర్డు ఎవరింటికో. 1999లో పాత టౌన్‌షిప్‌లు, ఊళ్ళు కలిపి కౌంటీలో మొత్తం ఎనిమిది మునిసిపాలిటీలు చేశారు, పాత టౌన్‌షిప్ ఆఫీసులు ఖాళీ అయ్యాయి. ఇప్పుడు చర్చిలు మూతపడుతున్నాయి. ప్రతి విడతలోనూ కొన్ని బోర్డులు పోయాయి. ఎవరూ కావాలని పారేయలేదు, తీసుకెళ్ళేవాళ్ళు లేక పోయాయి, అంతే.

లక్నో అని ఒక ఊరుంది ఇక్కడ, అవును మన లక్నోనే, 1857 ముట్టడి తర్వాత ఆ పేరు పెట్టుకున్నారు, వీధులకి క్యాంప్‌బెల్, హేవ్‌లాక్ అని ఆనాటి బ్రిటిష్ జనరల్స్ పేర్లు. మొదటిసారి ఆ బోర్డు చూసి కారు పక్కకి ఆపేశాను, పదివేల కిలోమీటర్ల దూరంలో మన మీద గెలిచిన యుద్ధం పేరు మీద ఒక ఊరు. ఆ ఊరు సరిగ్గా బ్రూస్, హ్యూరాన్ కౌంటీల సరిహద్దులో ఉంటుంది. అక్కడి కుర్రాళ్ళు కొందరు 160వ దాంట్లో చేరారు, కొందరు హ్యూరాన్ వాళ్ళ 161వ దాంట్లో. కౌంటీ గీత చూసుకుని లిస్టు కడితే సగం ఊరు తప్పిపోతుంది. అందుకే మేం లిస్టులోకి ఎవరొస్తారు అన్నదానికి కౌంటీలో పుట్టాడా, చేరాడా, ఉన్నాడా అని మూడు వేరువేరు ప్రశ్నలు పెట్టుకున్నాం, ఒక్కదానికి అవునన్నా చాలు.

పని ఎలా చేశాం

మొదట్లో అందరిలాగే ఒక స్ప్రెడ్‌షీట్ తెరిచి మనిషికో లైన్ రాయడం మొదలుపెట్టాను. అది తప్పు పద్ధతి, రెండు నెలలు పోయాక తెలిసింది, ఎలా తెలిసిందో కింద చెప్తాను. సరైన పద్ధతి ఏంటంటే మూడు టేబుల్స్. ఒకటి చెక్కిన పేరు లేదా రాసిన పేరు, అంటే రాయి మీద ఒక లైనుకి డేటాబేస్‌లో ఒక లైను, అక్షరం మార్చకుండా, స్పెల్లింగ్ తప్పున్నా అలాగే, ఏ వరసలో ఎన్నోది, పక్కన క్రాసా నక్షత్రమా, పెయింటా చెక్కడమా. రెండోది మనుషులు. మూడోది ఈ రెండిటినీ కలిపే లంకె, ఫలానా లైను ఫలానా మనిషిదే అని ఎవరన్నారు, ఏ ఆధారంతో, ఎంత నమ్మకంతో. నమ్మకానికి మూడే మాటలు పెట్టుకున్నాం: ఖాయం, నమ్మొచ్చు, ఊహ.

ఇది చదివితే ఇంత చిన్న పనికి ఇంత హంగామానా అనిపించొచ్చు. రాయి మీద పేరు ఆనాటి ఊరు అన్న మాట. ఫైల్‌లో పేరు ఆర్మీ క్లర్క్ అన్న మాట. ఒకదాన్ని పట్టుకుని ఇంకోదాన్ని దిద్దే అధికారం మనకి లేదు. ఇక్కడ దక్షిణం వైపు రిప్లీ దగ్గర స్కాట్లండ్ లూయిస్ ద్వీపం నుంచి వచ్చిన గేలిక్ మాట్లాడే కుటుంబాలు, ఒకే ఇంటిపేరు పది కొంపలకి, మెక్ అని ఒకరు మ్యాక్ అని ఒకరు. కారిక్ టౌన్‌షిప్, మిల్డ్‌మే వైపు జర్మన్ కుటుంబాలు, వాళ్ళ పేర్లని ఇంగ్లీషు క్లర్కులు చెవికి వినిపించినట్టు రాసేశారు. జర్మన్ ఇంటిపేరు పెట్టుకుని జర్మనీ మీద యుద్ధానికి వెళ్ళిన పిల్లల సంగతి తలుచుకుంటే మనసు అదోలా అవుతుంది, వాటర్లూ కౌంటీలో బెర్లిన్ అనే ఊరు 1916లో పేరు మార్చుకుని కిచనర్ అయింది, అంత వేడిగా ఉండేది వాతావరణం. యుద్ధం అయ్యాక కూడా అది తగ్గలేదు. ఇమాన్యుయెల్ హాన్ అనే శిల్పి, జర్మనీలో పుట్టి కెనడాలో పెరిగినవాడు, తలదించుకుని దుఃఖంలో నిలబడ్డ సైనికుడి బొమ్మ ఆయనదే, 1921లో నోవా స్కోషియాలో వెస్ట్‌విల్‌లో మొదట పెట్టారు, తర్వాత చాలా ఊళ్ళు దాని కాపీలు పెట్టుకున్నాయి. అదే హాన్ 1925లో విన్నిపెగ్ సెనొటాఫ్ పోటీ గెలిస్తే, పుట్టింది జర్మనీలో అని పని ఇవ్వలేదు. మళ్ళీ పోటీ పెడితే ఆయన భార్య ఎలిజబెత్ విన్ వుడ్ గెలిచింది, ఆవిడకీ ఇవ్వలేదు.

సరే, ఆధారాలు. కెనడా లైబ్రరీ అండ్ ఆర్కైవ్స్ వాళ్ళు మొదటి యుద్ధం సైనికుల ఫైళ్ళు, 6 లక్షల 22 వేలకి పైగా, అన్నీ స్కాన్ చేసి 2018కల్లా ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టేశారు. నా లాంటివాళ్ళకి ఇది నిజంగా వరం. ఫైల్‌లో ముందు అటెస్టేషన్ పేపర్ చూడాలి, చేరినరోజు నింపిన కాగితం: పేరు, పుట్టిన ఊరు, తేదీ, దగ్గరి బంధువు, చేసే పని, వెనక పేజీలో ఎత్తు, కళ్ళ రంగు, ఒంటి మీద మచ్చలు. ఎడమ చేతి మీద కాలిన మచ్చ అని చదివినప్పుడు ఆ మనిషి ఒక్కసారిగా మన ముందు నిలబడతాడు. ఇంకోటి రెజిమెంటల్ నంబర్. బెటాలియన్‌కి ఒక నంబర్ల బ్లాకు ఇచ్చేవాళ్ళు, 651తో మొదలయ్యే ఆరంకెల నంబర్ కనిపిస్తే నాకు అది బ్రూస్ కుర్రాడని ముందే తెలిసిపోతుంది, తర్వాత ఏ బెటాలియన్‌కి మారినా నంబర్ మారదు. డేటాబేస్‌కి ఇంతకన్నా మంచి తాళంచెవి లేదు. కాకపోతే ఆఫీసర్లకి, నర్సింగ్ సిస్టర్లకి నంబర్ ఉండదు, వాళ్ళని చేత్తో కలపాలి.

మిగతావి తొందరగా చెప్పేస్తాను. కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ రిజిస్టర్, కెనడియన్ వర్చువల్ వార్ మెమోరియల్, అప్పటి ఊరి వారపత్రికలు (లక్నో సెంటినెల్ లాంటివి ఫ్రంట్ నుంచి వచ్చిన ఉత్తరాలు అచ్చు వేసేవి), విమెన్స్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు ఊరూరా కట్టిన ట్వీడ్స్‌మ్యూర్ హిస్టరీ ఆల్బమ్‌లు. ఒక్క జాగ్రత్త, వార్ గ్రేవ్స్ వాళ్ళ లెక్క మొదటి యుద్ధానికి 1921 ఆగస్టు 31తో ఆగిపోతుంది. గ్యాస్ పీల్చి, టీబీతో 1923లో ఇంటి మంచం మీద పోయినవాడు ఆ లిస్టులో ఉండడు, ఊరి బోర్డు మీద మాత్రం క్రాస్ ఉండొచ్చు. నన్నడిగితే ఆ క్రాస్ సరైనదే.

రాయి చదవడం గురించి ఒక మాట. పాలరాయి వందేళ్ళ మంచుకి, ఎండకి చక్కెరలా పొడి రాలుతుంది, అక్షరాల అంచులు పోతాయి. సుద్దముక్క రుద్దడం, పిండి చల్లడం, వైరు బ్రష్, బ్లీచ్, ప్రెషర్ వాషర్, ఇవేవీ వాడకూడదు. ఒక ఊళ్ళో ఎవరో మంచి మనసుతోనే ప్రెషర్ వాషర్ పెట్టారు, రాయి తెల్లగా మెరిసింది, నాలుగు పేర్లు మాత్రం ఇక చదవలేం. కావాల్సింది నీళ్ళు, మెత్తటి బ్రష్, ఓపిక. చదవడానికైతే సాయంత్రం చీకటి పడ్డాక వెళ్ళి టార్చి రాయికి పక్కనుంచి, దాదాపు ఆనించినట్టు పట్టుకుంటే చాలు, పగలు కనపడని అక్షరాలు నీడలతో లేచి నిలబడతాయి. ఫోన్ కెమెరా సరిపోతుంది.

నా తప్పు

బేస్‌మెంట్ బోర్డు మీద ఒకే పేరు రెండుసార్లు ఉంది. మెక్‌తో మొదలయ్యే ఇంటిపేరు, ముందు పేరు కూడా ఒకటే, ఒకదాని పక్కన క్రాస్, రెండోదానికి లేదు. నేను ఏమనుకున్నానంటే, బోర్డు యుద్ధం మధ్యలో మొదలుపెట్టారు కదా, ముందు వెళ్ళినప్పుడు ఒకసారి రాశారు, చనిపోయాక మర్చిపోయి మళ్ళీ రాశారు అని. రెండూ కలిపేసి ఒక్కడిని చేశాను, 1917 నవంబర్‌లో బెల్జియంలో పాషెండేల్ యుద్ధంలో పోయినట్టు రాసేశాను. నీట్‌గా ఉంది కదా అని తృప్తి పడ్డాను కూడా.

ఆ లిస్టు ప్రింట్ తీసి పెద్దావిడకి ఇస్తే, కళ్ళజోడు పైకి తోసుకుని చదివి, ఆ పేరు దగ్గర వేలు పెట్టి చాలాసేపు ఊరుకున్నారు. తర్వాత అన్నారు, "వీళ్ళు ఇద్దరు. అన్నదమ్ముల పిల్లలు. ఒకడు పోయాడు. ఇంకొకాయన నాకు తెలుసు, నా చిన్నప్పుడు మా పాలు తీసుకెళ్ళేది ఆయనే." నేను స్ప్రెడ్‌షీట్‌లో తిరిగొచ్చిన మనిషిని చంపేశాను, ఇంకో మనిషి చావుని పక్కవాడికి అంటగట్టాను. ఫైళ్ళు తీసి చూస్తే రెండు నంబర్లు, రెండు పుట్టినరోజులు, ఇద్దరు వేరు తండ్రులు, అన్నీ అక్కడే ఉన్నాయి, నేను రెండో ఫైలు తెరవలేదు అంతే. ఆ రాత్రే మనిషికో లైన్ పద్ధతి తీసేసి పైన చెప్పిన మూడు టేబుల్స్ కట్టాను. అప్పటికి చేసిన పనంతా మళ్ళీ మొదట్నుంచి.

పెన్సిల్ పేరు

పెన్సిల్ పేరు టౌన్ సెనొటాఫ్ మీద లేదు. బడి బోర్డు మీద లేదు. వారపత్రిక చనిపోయినవాళ్ళ లిస్టుల్లో నాకు దొరకలేదు. ఈ చర్చి బోర్డు మూల తప్ప కౌంటీలో ఇంకెక్కడా ఆ పేరు లేదు. ఇంటిపేరు చూస్తే ఇక్కడి స్కాట్‌లదీ కాదు, జర్మన్లదీ కాదు.

ఆర్కైవ్స్‌లో ఆ పేరుతో వచ్చిన ఫైళ్ళు ఒక్కొక్కటీ తెరుస్తూ పోతే ఒకదాని మీద 651 నంబర్ ఉంది. చేరింది 1916 మొదట్లో. పని: ఫార్మ్ లేబరర్. పుట్టింది ఇంగ్లండ్. తండ్రి అన్న చోట ఏమీ లేదు, దగ్గరి బంధువు అక్క, ఆవిడ అడ్రస్ కూడా ఇంగ్లండే. అక్కడే నాకు అర్థమైపోయింది, హోమ్ చైల్డ్.

తెలియనివాళ్ళ కోసం: 1869 నుంచి 1948 వరకు బ్రిటన్ నుంచి అనాథలని, పేదింటి పిల్లలని లక్షకి పైగా కెనడాకి ఓడల్లో పంపారు, బర్నార్డోస్ లాంటి సంస్థలు. మంచి బతుకు అన్నారు. చాలామంది పిల్లలు దిగింది పొలం పనికి, ఒప్పందం కాగితం మీద. కొందరిని ఇంటి పిల్లల్లా చూసుకున్నారు, కొందరు కొట్టంలో పడుకున్నారు. యుద్ధం రాగానే వాళ్ళలో వేలమంది చేరిపోయారు, ఎందుకు చేరరు, ఓడ ఇంగ్లండ్ వెళ్తుంది, అక్క ఉంది అక్కడ. ఓడ లిస్టులో వయసు, ఆర్మీ కాగితంలో వయసు పక్కపక్కన పెడితే మావాడు చేరేటప్పుడు రెండేళ్ళు ఎక్కువ చెప్పాడు.

1918 ఆగస్టులో, ఫ్రాన్స్‌లో ఆమియాన్ దాడి మొదలైన వారంలో పోయాడు. సమాధి లేదు. విమీ రాయి మీద ఆ 11,285 మందిలో అతని పేరుంది. ఊరి రాయి మీద ఎందుకు లేదంటే, నా అంచనా ఇది: సెనొటాఫ్ కమిటీలు పేర్లు కుటుంబాల దగ్గర తీసుకునేవి, ఇతని పేరు ఇవ్వడానికి ఇక్కడ ఇల్లు లేదు. తల్లికి, భార్యకి ఇచ్చే మెమోరియల్ క్రాస్ పతకం కూడా 1919లో పెట్టారు, ఇతనికి ఆ ఇద్దరూ లేరు.

ఇలా తప్పిపోయినవాళ్ళు హోమ్ చిల్డ్రన్ ఒక్కరే కాదు. సాగీన్, కేప్ క్రోకర్ రిజర్వుల (ఆదివాసులకి కేటాయించిన భూముల) నుంచి అనిషినాబే ఆదివాసీ కుర్రాళ్ళు వెళ్ళారు, వాళ్ళ పేర్లు క్లర్కులు రాసిన తీరుకి ఒక్కొక్కరికి మూడు నాలుగు స్పెల్లింగులు, వాళ్ళ సంగతి వాళ్ళ పెద్దలతో కూర్చుని చేయాల్సిన పని, మేం బయటనుంచి లిస్టు కట్టేసి ఇచ్చేది కాదు. వాళ్ళకి ఆదివాసులుగా చట్టంలో ఉన్న తమ స్టేటస్ వదులుకోకుండా ఫెడరల్ ఓటు వచ్చింది 1960లో, అది కూడా గుర్తుపెట్టుకోవాలి. మనవాళ్ళ సంగతికొస్తే, ఇక్కడికి రెండు గంటల దూరంలో కిచనర్‌లో బక్కమ్ సింగ్ సమాధి ఉంది. కెనడా సైన్యంలో చేరిన కొద్దిమంది సిక్కుల్లో ఒకడు, 1916లో ఫ్రంట్‌లో గాయపడి, టీబీతో 1919లో అక్కడి ఆస్పత్రిలో పోయాడు. ఎన్నో ఏళ్ళు ఆ రాయి దగ్గరికి వెళ్ళినవాళ్ళు లేరు, 2000ల్లో లండన్‌లో ఒక తాకట్టు షాపులో అతని మెడల్ బయటపడి, దాని అంచు మీద ఉన్న పేరు పట్టుకుని వెతికితే తెలిసింది. నేను ఒక నవంబర్‌లో మా పిల్లలతో వెళ్ళి పూలు పెట్టి వచ్చాను.

ఆ వారం మా నాన్నతో ఫోన్‌లో ఇదంతా చెప్తే, మాది తాడేపల్లిగూడెం, ఆయన మాధవరం గుర్తు చేశారు. మిలటరీ మాధవరం అంటారు, ఇంటికొక సైనికుడు ఉన్న ఊరు, మొదటి యుద్ధం నుంచీ వెళ్తూనే ఉన్నారు. "మరి మనవాళ్ళ పేర్లు అలా ఎక్కడైనా చెక్కారామ్మా?" అన్నారు. బ్రిటిష్‌వాళ్ళు మన దేశంలో ఊళ్ళల్లో పెట్టిన పలకలు మీరు చూసే ఉంటారు, ఈ గ్రామం నుంచి ఇంతమంది మహాయుద్ధానికి వెళ్ళారు, అందులో ఇంతమంది ప్రాణాలిచ్చారు అని. అంకెలే. పేర్లుండవు. ఫ్రాన్స్‌లో నోవ్ షాపెల్ మెమోరియల్ మీద 4,700 మందికి పైగా మనవాళ్ళ పేర్లున్నాయి, పుట్టిన ఊళ్ళో మాత్రం ఒక అంకె. ఆ మాట చెప్తే నాన్న కాసేపు ఏం మాట్లాడలేదు. అంకె చెక్కిన రాయి ముందు ఏ తల్లి ఏ చోట చెయ్యి వేస్తుంది?

ఏం నిర్ణయించాం

పేరు ఖాయం అయ్యాక మూడు వాదనలు వచ్చాయి. సెనొటాఫ్ మీద ఖాళీ ఉంది, అక్కడే చెక్కేద్దాం అని కొందరు. బోర్డు మీద పెన్సిల్ పేరుని చక్కగా నల్ల పెయింట్‌తో దిద్దిద్దాం అని ఇంకొందరు. వందేళ్ళయింది, ఇప్పుడెందుకు అన్నవాళ్ళు కూడా ఒకరిద్దరు ఉన్నారు, వాళ్ళతో నేను వాదించలేదు, అటెస్టేషన్ పేపర్ ప్రింట్ చేతికిచ్చాను.

పెయింట్ వేయడానికి నేను గట్టిగా అడ్డం పడ్డాను. ఎవరో ఒకరు కమిటీని అడక్కుండా, బ్రష్ లేకుండా, జేబులో ఉన్న పెన్సిల్‌తో ఆ పేరు రాశారు. ఆ గీతే ఇక్కడ ఆధారం. దాని మీద పెయింట్ పడితే ఆ మనిషి చెయ్యి పోతుంది, మిగతా పేర్లలో ఒకటైపోతుంది. సెనొటాఫ్ విషయంలో కూడా, పాత పేర్ల మధ్యలో కొత్తగా చెక్కితే రేపు చూసేవాళ్ళు 1920ల్లోనే ఇతన్ని గుర్తుపెట్టుకున్నారు అనుకుంటారు, అది నిజం కాదు. ఆఖరికి కౌన్సిల్ ఒప్పుకున్నది ఇది: రాయి ముట్టుకోరు, కింద మెట్టు మీద చిన్న కంచు పలక, పేరు, నంబర్, చనిపోయిన తేదీ, దాని కిందే ఆ పలక పెట్టిన సంవత్సరం. ఆలస్యం కూడా కనపడాలి.

బోర్డుని కన్సర్వేటర్, అంటే పాత వస్తువులు కాపాడే నిపుణులు, శుభ్రం చేశారు, పెన్సిల్ గీత ఉన్న మూల అసలు తాకలేదు, ముందు యూవీ కిరణాలు ఆపే అద్దం పెట్టారు. ఇప్పుడది మునిసిపల్ ఆఫీసు కారిడార్‌లో, ఎండ పడని గోడ మీద ఉంది. మొదటి యుద్ధం ఆగిన రోజు నవంబర్ 11న పదకొండింటికి, రెండు నిమిషాల మౌనం అయ్యాక పేర్లు చదివేటప్పుడు ఆఖర్న అతని పేరు కూడా చదివారు. చలికి చేతులు కోటు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డ జనం, ఆ పేరు ఎవరికీ బంధువు పేరు కాదు, అయినా రెండు తలలు పైకి లేచాయి, ఎవరీయన అన్నట్టు.

బోర్డు తగిలించిన రోజు పెద్దావిడ వచ్చారు. అద్దానికి దగ్గరగా వంగి ఆ మూల చూశారు, నేను ఫోన్ టార్చి పక్కనుంచి పట్టుకున్నాను, గీత లోతుగా కనపడింది. "ఈ టి అక్షరం అడ్డగీత చూడు, ఎడమ నుంచి పైకి వెళ్తోంది" అన్నారు. "మా అమ్మ ఇలాగే రాసేది. యుద్ధం అప్పుడు అమ్మకి పదహారేళ్ళు. మా తాత పొలంలో ఒక ఇంగ్లండ్ కుర్రాడు పని చేసేవాడని అనేది, పేరు ఎప్పుడూ చెప్పలేదు." పోల్చడానికి వాళ్ళమ్మ రాసినవేమైనా ఉన్నాయా అంటే వంటల పుస్తకం ఒకటి ఉండాలి, వెతుకుతానన్నారు. ఇంటికొచ్చి మూడో టేబుల్ తెరిచి, రాసినవారు అన్న గడిలో ఆవిడ తల్లి పేరు పెట్టి, చెప్పినవారు కూతురు అని, ఆ రోజు తేదీ వేసి, నమ్మకం దగ్గర "ఊహ" అని రాశాను.